చేపల తెగుళ్ళకు ఋతువుల లెక్క కట్టిన వలెంతిన్ దోగెల్

బీదర్ శివారున, కమఠాణ వైపు నందినగర్‌లో 2004-05లో ఏర్పడిన విశ్వవిద్యాలయం పేరులో పశువైద్యం, పశువిజ్ఞానం, మత్స్యవిజ్ఞానం మూడూ చేరి ఉన్నాయి. పశువుల సంగతి ఈ సీమకు కొత్త కాదు. దేవణి ఎడ్లకు పేరుగన్న ప్రాంతమిది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఊళ్ళ నడుమ చేపల మాట వినబడడమే మొదట్లో కొందరికి వింతగా తోచింది. కారంజా జలాశయం, మంజీర మడుగులు, పల్లె పల్లెకు ఉన్న చెరువులు చూసినవారికి అందులో వింతేమీ లేదు. ఎద్దు పొట్టను, చేప మొప్పను ఒకే బల్ల మీద పెట్టి, ఒకే సూక్ష్మదర్శినితో పరిశీలించి, రెండింటిలోనూ శాశ్వతమైన పేరు సంపాదించిన శాస్త్రవేత్త ఒకరు రష్యా దేశంలో ఉండేవారు. ఆయన పేరు వలెంతిన్ అలెక్సాంద్రొవిచ్ దోగెల్. చేపలకు పట్టే పురుగులు ఏ కాలంలో వస్తాయి, ఎందుకు ఆ కాలంలోనే వస్తాయి అన్న ప్రశ్నను ఒక శాస్త్రంగా నిలబెట్టినవారిలో ఆయన అగ్రగణ్యులు.

దోగెల్ 1882లో వోల్గా నది ఒడ్డునున్న కజాన్ నగరంలో జన్మించారు. తండ్రి అలెక్సాందర్ దోగెల్ శరీర కణజాలాల పరిశీలనలో ప్రఖ్యాతుడైన ఆచార్యుడు. ఆయన ఉద్యోగరీత్యా 1888లో సైబీరియాలోని తోమ్‌స్క్‌కు, 1895లో రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు మారగా కుటుంబమూ వెంట కదిలింది. సూక్ష్మదర్శిని ఉన్న ఇంట పెరిగిన కుమారుడు కంటికి కనబడని ప్రాణుల వైపు మొగ్గడం సహజమే. అయితే తండ్రి చూసినది నరాలను, కణాలను. కొడుకు చూసినది మరొక ప్రాణి ఒంటిలో ఇల్లు కట్టుకుని బ్రతికే ప్రాణులను. 1904లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి అక్కడే బోధనలో కుదురుకున్నారు. 1910 దశకం మధ్యకు వచ్చేసరికి వెన్నెముక లేని జంతువుల శాస్త్రానికి ఆచార్యులయ్యారు. ఆ నగరం పేరు పెత్రొగ్రాద్‌గానూ, పిదప లెనిన్‌గ్రాద్‌గానూ మారింది గాని ఆయన విశ్వవిద్యాలయం మారలేదు.

1914లో ఆయన తూర్పు ఆఫ్రికాకు యాత్ర చేశారు. అక్కడి జింకజాతి జంతువుల పొట్టలలోని ద్రవాన్ని సేకరించి దాచడం ఆ యాత్రలోని పనులలో ఒకటి. నెమరువేసే జంతువు మొదటి పొట్టలో లెక్కకు మించిన ఏకకణ జీవులు ఉంటాయి. ఒళ్ళంతా లేక నోటి చుట్టూ సన్నని నూగుతో ఈదులాడే ఈ జీవులు గడ్డి అరగడంలో పాలుపంచుకుంటాయి. ఆవులోనూ, గొర్రెలోనూ, జింకలోనూ ఏ ఏ రకాలు ఉన్నాయో వేరుపరచి ఆయన 1927లో ఒక బృహద్గ్రంథం వెలువరించారు. నేటికీ పశువైద్య విద్యార్థులు నెమరు పొట్ట జీవుల పేర్లు వల్లించేటప్పుడు వాటిలో అనేకం దోగెల్ పెట్టిన పేర్లే.

ఈ పని ఆయనకు ఒక దృష్టిని ఇచ్చింది. పొట్టలోని జీవికి ఆ పొట్టే లోకం. ఆ పశువు ఏమి మేసింది, ఎంత వయసుది, ఎక్కడ తిరిగింది అన్నవి ఆ లోకంలోని వానలు, ఎండలు వంటివి. ఆ పశువు తిరిగే నేల, నీరు, ఋతువు మరొక లోకం. పరాన్నజీవి ఒకేసారి ఈ రెండు లోకాలలోనూ కాపురం ఉంటుంది. అంతకుముందు చాలామంది శాస్త్రజ్ఞులు పురుగు దొరికితే పేరు పెట్టి, బొమ్మ గీసి, సీసాలో భద్రపరచేవారు. అదీ అవసరమైన పనే. కాని ఆ జాబితాతో చేపలు పెంచేవానికి ఒరిగేది స్వల్పం.

విప్లవం, అంతర్యుద్ధం, కరవు గడిచాక సోవియట్ ప్రభుత్వం ప్రజల ఆహారం కోసం నదులు, సరస్సులు, చెరువులలో చేపలను పెంచే ప్రణాళికలు చేపట్టింది. లెనిన్‌గ్రాద్‌లోని మత్స్య పరిశోధన సంస్థలో చేపల వ్యాధుల ప్రయోగశాల వెలిసింది. 1930 ప్రాంతం నుంచి దాని బాధ్యత దోగెల్ వహించారు. విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చేపల రేవుకు దిగివచ్చిన సందర్భమది. ఆయన శిష్యులు వలలు వేసేవారి వెంట పడవలెక్కి వెళ్ళి, పట్టిన చేపను చర్మం, మొప్పలు, కళ్ళు, పేగులు, కాలేయం, మూత్రపిండాలు అంటూ ఏ అవయవాన్నీ విడువక చీల్చి చూసి, దొరికిన ప్రతి పరాన్నజీవినీ లెక్కించి రాసుకునేవారు. ఒకటి రెండు చేపలతో సరిపెట్టక, ఒక్కో జాతికి చాలినన్ని చేపలను, వేర్వేరు వయసులవి, వేర్వేరు నెలలలో చూడాలన్నది ఆయన నియమం. నూరింటిలో ఎన్నింటికి పట్టింది, పట్టినదానిలో సగటున ఎన్ని పురుగులున్నాయి అన్న రెండు అంకెలు ప్రతి పట్టికలోనూ ఉండవలసిందే. నేవా నది ముఖద్వారపు చేపల మీద 1933లోనూ, తెల్ల సముద్రపు సాల్మన్ చేపల మీద 1935లోనూ పెత్రుషెవ్‌స్కీతో కలిసి ఆయన ప్రచురించిన పనులు ఈ పద్ధతికి మొదటి ఫలాలు.

సాల్మన్ కథ ముచ్చటైనది. ఆ చేప నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికి వస్తుంది. నదిలో ఉన్నప్పుడు పట్టిన పురుగులు సముద్రపు ఉప్పునీటిలో రాలిపోతాయి. సముద్రంలో పట్టినవి నదికి ఎదురీదుతున్నకొద్దీ ఒక్కొక్కటే తగ్గుతాయి. అంటే చేప ఒంటి మీది పురుగులను చూసి అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంతకాలమైందో కొంతవరకు చెప్పవచ్చును.

ఇలా కూడబెట్టిన లెక్కల నుంచి దోగెల్ కొన్ని సూత్రాలు తీశారు. చేపలోని పరాన్నజీవుల రాశి దాని వయసును బట్టి, తిండిని బట్టి, వలసను బట్టి, గుడ్ల కాలం వంటి శరీర స్థితిని బట్టి, సంవత్సరంలోని ఋతువును బట్టి మారుతుందని ఆయన నిరూపించారు. అప్పుడే పొదిగిన పిల్లకు తిండి ద్వారా వచ్చే పురుగులు ఉండవు. నీటిలో ఈది వచ్చి నేరుగా అంటుకునేవే దానికి మొదట పడతాయి. అది సైక్లాప్స్ వంటి సన్నని నీటిప్రాణులను తినడం మొదలుపెట్టాక వాటి వెంట బద్దెపురుగులు లోపలికి చేరతాయి. సైక్లాప్స్ ఏ నెలలో విరివిగా పుడితే, ఆపై కొన్ని వారాలకు చేప పేగులో బద్దెపురుగు కనబడుతుంది. రోగం ఆ నెలలో ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపించినా, దాని విత్తనం అంతకు ముందే పడి ఉంటుంది.

దోగెల్ చూసినవి మంచు కరిగే నదులు. దక్కన్ పీఠభూమి మీద ఆ లెక్క వేరు. అయినా ఆయన అడిగిన ప్రశ్న ఇక్కడా చెల్లుతుంది. కమఠాణ, జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాల చెరువులకు నీరు వచ్చేది వానాకాలంలోనే. చెరువు నిండిన తరువాత బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ పిల్లలను విడుస్తారు. పిల్ల చిన్నది, నీరు కొత్తది. మొప్పలకు కొక్కేలతో వేలాడే సన్నని చదును పురుగులు, చర్మం మీద చక్రాల్లా తిరిగే ఏకకణ జీవులు దాడి చేసేది ఈ లేత వయసు మీదనే. ఐరోపా చెరువులలో బంగారుతీగ పిల్లలను గుంపులుగా చంపే ఒక మొప్పల పురుగు, పిల్ల కొద్ది అంగుళాలు పెరిగాక దానిని ఏమీ చేయలేకపోతుందని సోవియట్ పరిశోధకులు గమనించారు. ఆ కొద్ది వారాలు పిల్లను ఇరుకు లేకుండా, తిండి లోపం లేకుండా దాటిస్తే గండం గడిచినట్టే.

మార్గశిరం, పుష్యం వచ్చేసరికి సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ సీమలో రాత్రులు చల్లబడతాయి. చేప మేత తగ్గి, ఒంటి శక్తి సన్నగిల్లుతుంది. తెల్లమచ్చ తెగులు కలిగించే జీవికి అనువైన కాలమిది. ఉప్పు రవ్వ చల్లినట్టు చేప ఒంటి మీద కనబడే ప్రతి చుక్క చర్మం కింద దాగిన ఒక జీవి. అది పెరిగి రాలి, చెరువు అడుగున గూడు కట్టుకుని, వందలాది పిల్లలుగా విడివడి మళ్ళీ చేపను వెతుక్కుంటుంది. ఈ చక్రం వెచ్చని నీటిలో కొద్ది రోజులలో, చల్లని నీటిలో కొన్ని వారాలలో తిరుగుతుంది. నీరు మరీ వేడెక్కితే ఆగిపోతుంది. చుక్క చర్మం కింద ఉన్నంతసేపు నీటిలో వేసిన మందు దానిని తాకదు. రాలి నీటిలో ఈదే ఘడియలోనే అది చిక్కుతుంది. ఒకసారి మందు వేసి పోలేదని విసుగుచెందే వారికి కారణం ఇక్కడ ఉన్నది. నీటి వెచ్చదనానికీ ఈ చక్రానికీ గల సంబంధాన్ని విడమరచినవారిలో ఆ లెనిన్‌గ్రాద్ పరంపరకు చెందిన బావెర్ ఒకరు.

ఫాల్గుణం దాటాక నీరు తగ్గి చేపలు ఒకచోట గుమికూడతాయి. నీరు వెచ్చబడుతుంది. అది చేప పేనుకు పండుగ. కంటికి కనబడేంత చదునైన ఆ ప్రాణి పొలుసుల నడుమ అంటుకుని రక్తం పీలుస్తుంది. చేప ఒడ్డు రాళ్ళకు, కర్రలకు ఒళ్ళు రాచుకుంటుంది, నీటి మీదికి ఎగురుతుంది. కొల్లేరు పరిసరాల చెరువులలో రోహును ఎక్కువగా వేధించి రైతులకు నష్టం తెచ్చిన పురుగు ఇదే. పేను గుడ్లు పెట్టేది చేప మీద కాదు. నీటిలో మునిగిన రాళ్ళు, గుంజలు, కాడల మీద వరుసగా అతికిస్తుంది. వెచ్చని నీటిలో రెండు మూడు వారాలకు అవి పొదుగుతాయి. అందుచేత చెరువులో వెదురు తడికలు, పలకలు దింపి, గుడ్లు పెట్టనిచ్చి, పొదగక మునుపే తీసి ఎండలో ఆరబెట్టడం పైసా ఖర్చులేని ఉపాయం. దీనిని విడిచి పొలంలో కొట్టే పురుగుమందునే చెరువులో గుమ్మరించే అలవాటు కొన్నిచోట్ల ప్రబలింది. మందుకు పెద్ద పేను చచ్చినా గుడ్డు చావదు. రెండు వారాలకు మళ్ళీ అదే తంతు. మళ్ళీ అదే మందు, అంతకంతకు మోతాదు పెంచి. ఆ నీరే పశువులు త్రాగే నీరు కూడా అన్న సంగతి మరువరాదు.

దోగెల్ జీవితంలో అత్యంత విషాదకరమైన అధ్యాయం అరల్ సముద్రానిది. పేరుకు సముద్రమే గాని అది మధ్య ఆసియాలోని మహా సరస్సు. 1960 నాటికి కూడా 68,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ప్రపంచంలోని సరస్సులలో నాలుగవది. అందులో షిప్ అనే స్టర్జన్ జాతి చేప ఉండేది. విలువైన చేప, దాని గుడ్లు మరింత విలువైనవి. 1930 దశకపు ఆరంభంలో దోగెల్, ఆయన శిష్యుడు బిహోవ్‌స్కీ అరల్ చేపలన్నింటిని తమ పద్ధతిలో పరిశీలించి, వాటి పరాన్నజీవుల పట్టికను 1934లో ప్రచురించారు. షిప్ చేప మొప్పలలో నిట్‌షియా అనే పురుగు ఆ పట్టికలో లేదు.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఉత్పత్తి పెంచాలన్న తలంపుతో కాస్పియన్ సముద్రం నుంచి సెవ్రూగ అనే మరొక స్టర్జన్ జాతిని తెచ్చి అరల్‌లో విడిచారు. సెవ్రూగ మొప్పలలో నిట్‌షియా ఉన్నది. సెంటీమీటరుకు పైబడిన ఆ చదును పురుగు అనాదిగా కాస్పియన్ స్టర్జన్ చేపలతో కలిసి బ్రతికినది. అది వాటిని కొంత బాధించినా చంపదు. షిప్ చేపకు ఆ పురుగు ఎన్నడూ ఎరుకలేనిది. 1936లో అరల్ ఒడ్డున షిప్ చేపలు రాశులుగా చచ్చి తేలాయి. కోసి చూస్తే ఒక్కొక్క చేప మొప్పలకు వందల పురుగులు వేలాడుతూ, రక్తం లేక మొప్పలు పాలిపోయి కనబడ్డాయి. దోగెల్, లుత్తా కలిసి 1937లో ఈ మరణాల కారణాన్ని వివరించారు. ముందటి పట్టిక చేతిలో లేకపోతే ఆ పురుగు ఎప్పటి నుంచో అక్కడే ఉన్నదని, నీటిలో ఏదో విషం చేరిందని, దైవకృప తప్పిందని ఎవరి కల్పన వారు చేసి ఉండేవారు. రోగం రాకముందు వేసిన లెక్కే రోగం వచ్చాక సాక్షిగా నిలిచింది. తెచ్చిన సెవ్రూగ అక్కడ నిలదొక్కుకోలేదు. ఉన్న షిప్ వేట కుదేలయింది. లాభం కోసం చేసిన పని రెండు విధాలా నష్టంగా పరిణమించింది.

ఈ అపచారంలో సెవ్రూగను తెచ్చినవారి దురుద్దేశం ఏమీ లేదు. తెచ్చిన చేపను కొంతకాలం వేరు తొట్టిలో ఉంచి, మొప్పలు ఎత్తి చూడాలన్న ఆచారం అప్పటికి స్థిరపడలేదు. అంతే.

సరిహద్దు గ్రామాలకు ఈ కథ దూరపుది కాదు. చేప విత్తనం ఇక్కడ చాలావరకు బయటి నుంచి రావలసిందే. తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలుపెట్టిన తరువాత కోస్తా ఆంధ్ర హేచరీల పిల్లలు లారీలలో వందల కిలోమీటర్లు ప్రయాణించి మెదక్, సంగారెడ్డి చెరువులకు చేరాయి. మంజీర మహారాష్ట్రలో పుట్టి, బీదర్ జిల్లాను తడిపి, సింగూరులో నిలిచి, నిజాంసాగర్ మీదుగా గోదావరిలో కలుస్తుంది. మూడు రాష్ట్రాల చెక్‌పోస్టులలో దేనికీ ఆ నీటిలోని పురుగు ఆగదు. పిల్లలను దించేముందు నాలుగింటిని అరచేతిలో వేసుకుని మొప్ప ఎత్తి భూతద్దంతో చూడడం, వచ్చిన నీటిని చెరువులో పోయకపోవడం, అనుమానం ఉంటే జిల్లా మత్స్యశాఖవారు చెప్పిన మోతాదులో ఉప్పునీటిలో ముంచి తీయడం, పాత చెరువులో వాడిన వలను ఎండబెట్టనిదే కొత్త చెరువులో వేయకపోవడం. ఇవి పెద్ద చదువు అక్కరలేని పనులు. బెస్తవారి ఇళ్ళలో వల ఎండబెట్టడం పాత అలవాటే. వల చీకిపోకుండా ఉండడానికి చేసిన ఆ పని తెగులును కూడా ఆపుతుంది.

1941లో దోగెల్ తన బోధననంతా క్రోడీకరించి సాధారణ పరాన్నజీవి శాస్త్రం మీద పాఠ్యగ్రంథం ప్రచురించారు. ఆ సంవత్సరం జూన్‌లోనే జర్మనీ దాడి చేసింది. సెప్టెంబరు నుంచి లెనిన్‌గ్రాద్ ముట్టడిలో చిక్కుకున్నది. 872 రోజుల ఆ ముట్టడిలో లక్షలాది ప్రజలు ఆకలితో మరణించారు. విశ్వవిద్యాలయాన్ని 1942లో నగరం నుంచి తరలించారు. యుద్ధం ముగిశాక 1947లో ఆ గ్రంథం మలి ముద్రణ పొందింది. 1951లో ఏకకణ జీవుల మీద మరొక మహాగ్రంథం వెలువడింది. అప్పటికి ఆయన వయసు డెబ్బైకి చేరువ.

ఆయన శిష్యబృందం ఆయన సొంత పుస్తకాలంత విలువైన సంపద. బిహోవ్‌స్కీ మొప్పల పురుగుల మీద, షుల్మన్ చేపల కండరాలలోనూ మొప్పలలోనూ తెల్లని తిత్తులు కట్టే జీవుల మీద, దుబీనిన్ వోల్గా ముఖద్వారపు చేపలు, పక్షుల పరాన్నజీవుల మీద జీవితాలు వెచ్చించారు. ఒకరికి ఒకటి అప్పగించి, అన్నిటినీ కలిపి చూసే దృష్టిని మాత్రం అందరికీ నేర్పిన గురువు ఆయన. ఎద్దు పొట్టతో మొదలైన ఆ దృష్టిని చివరివరకు వదలలేదు. 1939లో సోవియట్ విజ్ఞాన అకాడమీ ఆయనను అనుబంధ సభ్యునిగా ఎన్నుకున్నది.

1955 జూన్ 1న దోగెల్ లెనిన్‌గ్రాద్‌లో కన్నుమూశారు. ఏకకణ జీవుల గ్రంథానికి 1957లో మరణానంతరం లెనిన్ బహుమతి లభించింది. పెత్రుషెవ్‌స్కీ, పొల్యాన్‌స్కీలతో కలిసి ఆయన సంకల్పించిన చేపల పరాన్నజీవుల సంపుటం 1958లో అచ్చయింది. చేపల పురుగుల మీదనే పని చేసిన కబాటా దానిని ఆంగ్లంలోకి అనువదించగా 1961లో వెలువడి, మిగిలిన ప్రపంచానికి అందింది. ఆ సంవత్సరాలలోనే చైనా, అముర్ నది ప్రాంతాల గడ్డిచేప దేశదేశాలకు ఎగుమతి అయింది. భారతదేశానికి 1959లో వచ్చింది. సోవియట్ చెరువులకు వెళ్ళిన గడ్డిచేప తనతో ఒక బద్దెపురుగును తీసుకువెళ్ళి అక్కడి బంగారుతీగకు అంటించింది. అరల్‌లో జరిగినదే మరోమారు జరిగింది.

అరల్ సముద్రానికి నీరిచ్చే నదులను 1960 దశకం నుంచి పత్తి పొలాలకు మళ్ళించగా అది చాలావరకు ఎండిపోయింది. షిప్ చేప అక్కడ అంతరించింది. అయితే 1933-34లో, పురుగు బయటపడకముందే, కొన్ని షిప్ చేపలను అరల్ నుంచి తీసుకుపోయి కజక్‌స్తాన్‌లోని బల్ఖాష్ సరస్సులో విడిచారు. వాటి సంతతి ఆ సరస్సులోను, దానిలో కలిసే ఇలి నదిలోను నిలిచింది.